కప్పు తీసిన ఎండాకాలం

మొన్న పినపాకలో బంధువుల పెళ్లికి వెళ్లి వచ్చాక నాకు చలిజ్వరం పట్టుకుంది. ఆ పక్క దోమల సంగతి తెలిసిందే కాబట్టి ఆలస్యం చేయకుండా ఖమ్మంలో మా వీధి చివరి ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చి, దుప్పటి ముసుగేసి పడుకున్నాను. సాయంత్రానికి రిపోర్టు మా అమ్మాయి ఫోనుకు వచ్చింది. వంటింట్లోంచే గట్టిగా చదివింది. “అమ్మా, మలేరియా నాట్ డిటెక్టెడ్!” మా ఆయన దేవుడికి స్తోత్రం చెప్పి, టీ పెట్టడానికి లేచాడు. నేను మాత్రం ఆ జ్వరంలోనే పకపకా నవ్వాను. జ్వరం తలకెక్కిందేమోనని ఇద్దరూ వచ్చి నుదుటి మీద చేతులు పెట్టి చూశారు. మలేరియా ఇంటి పెంకులు ఎవరూ ఊడదీయలేదట అని చెప్పాను. వాళ్ల అనుమానం రూఢి అయింది. నా మాట వాళ్లకు అర్థం కావాలంటే మా అత్తమ్మ గురించి చెప్పాలి, నానమ్మ గురించి చెప్పాలి, ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి, కప్పు లేని ఒక ఇంట్లో మేం గడిపిన ఎండాకాలం గురించి చెప్పాలి. టీ తాగుతూ ఆ రాత్రి వాళ్లకు కొంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

అత్తమ్మ అంటే మా నాన్న చెల్లెలు. భద్రాచలంలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీష్ చెప్పేది. మామయ్యకు మణుగూరులో డ్యూటీ. ఎండాకాలం సెలవులు రాగానే అత్తమ్మ ఒక సంచీలో బట్టలు, ఇంకో సంచీలో ఇటుకంత నిఘంటువు వేసుకుని పుట్టింటికి వచ్చేసేది. మాటల పుట్టుక అంటే ఆమెకు పిచ్చి. చీర కొనబోయిన ఆడవాళ్లు అంచు తిప్పి నేత చూసినట్టు ఆమె ప్రతి మాటనూ తిప్పి చూసేది. ఎవరైనా జీతం పడలేదు అని ఇంగ్లీషులో అన్నారంటే చాలు, ఆ సాలరీ అనే మాటలో ఉప్పు ఉందని మొదలుపెట్టేది. బస్సు అనేది ఆమ్నిబస్ అనే పొడుగాటి లాటిన్ మాటకు మిగిలిన తోక అని కండక్టరుకే చెప్పేది. అతను ఓపిగ్గా విని, “మేడం, చిల్లరుంటే జర చూడుండ్రి” అనేవాడు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన ఏడు, ఇంగ్లీష్ పేపరు ఎలా రాశావని నాన్న అడిగితే నేల చూపులు చూశాను. ఆ వారమే నన్ను బస్సెక్కించి, అత్తమ్మ దగ్గర ఇంగ్లీష్ నేర్చుకొమ్మని నానమ్మ వాళ్ల ఊరికి పంపాడు.

ఆ ఊరు దుమ్ముగూడెం దాటాక గోదావరి వైపు ఉంటుంది. ఒక పక్క నది, ఇంకో పక్క అడవి. మేలో ఆ ఊరికి ఇప్పపువ్వు వాసన పూర్తిగా వదలదు, మామిడి వాసన పూర్తిగా పట్టదు. రెండూ కలిసి మధ్యాహ్నం వేళ నిద్ర తెప్పిస్తాయి. ఊరి మధ్యలో మా తాత కట్టించిన పెంకుటిల్లు. తాత సర్కారు దవాఖానాలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. సన్నగా, నిదానంగా ఉండేవాడు. మాట కూడా మందు కొలిచి పోసినట్టే. నానమ్మ దీనికి పూర్తిగా విరుద్ధం. పొడవుగా, వెన్ను నిటారుగా, తల ఎత్తుకుని నడిచేది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు మొదటి చాప ఆమెది. ఆడవాళ్లంతా ప్రార్థనకు కలిసే స్త్రీల కూడికకు ఆమే పెద్ద. ప్రతి సాయంత్రం దీపాల వేళకు ఇంటి నడిమి గదిలో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన లాంతరు పెట్టుకుని, బైబిలు తెరిచి వాక్యం చదివేది. కిటికీ లేని ఆ గదిలో వెలుతురంతా ఆమె ఒళ్లో ఉన్న పుస్తకం మీదే ఉండేది, మేమందరం చీకట్లో కూర్చుని వినేవాళ్లం. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచేది. పక్కిళ్ల వాళ్లు కూడా వచ్చి గడపలో కూర్చునేవారు. తాత సంగతి వేరే. ఆయన చదివేది తెల్లారగట్ల, అరుగు మీద, పెద్ద గొంతుతో. ఇంత పొద్దున్నే ఎందుకు తాతా అంటే, “గొంతు సాఫైతది” అనేవాడు.

ఆ ఇంటి కప్పుకు శత్రువులు కోతులు. అడవిలోంచి మందగా వచ్చి, మామిడి చెట్టు మీదనుంచి పెంకుల మీదికి, పెంకుల మీదనుంచి చింతచెట్టు మీదికి దూకేవి. దూకిన ప్రతిసారీ ఒక పెంకు పగిలేది. వానాకాలం వస్తే ఇంట్లో గిన్నెలన్నీ నేల మీద కారే చోట్ల కింద ఉండేవి, వండుకోవడానికి గిన్నె దొరికేది కాదు. ఆ ఏడు తాత ఇక లాభం లేదని, మొత్తం పెంకులు దించి, పుచ్చిన వాసాలు మార్చి, తిరిగి నేయించాలని తీర్మానించాడు. పక్క గూడెం నుంచి మేస్త్రీ, అతని మనుషులు వచ్చారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటూ, మాతో తెలుగులో పరాచికాలాడుతూ, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పెంకులు అందిస్తూ వాకిట్లో వరుసలు పేర్చారు. నేను ఇంగ్లీష్ పాఠం వదిలేసి చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ నన్ను కేకలేయడానికి వచ్చి, తనూ నిలబడిపోయింది. నడికొప్పు దగ్గర పెంకులు లేచి, మొదటిసారి ఆ నడిమి గదిలోకి ఎండ పడగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“ఇగో, ఇది చూడు! డిటెక్ట్ అంటే ఇదే!”

డిటెక్ట్ అంటే కనిపెట్టడం, పసిగట్టడం అని నేను అప్పటికి బట్టీ పట్టి ఉన్నాను. దొంగను, రోగాన్ని, గూఢచారిని. పెంకులకు దానితో ఏం సంబంధం? అత్తమ్మ నిఘంటువు తేకుండానే చెప్పింది. లాటిన్‌లో టెగెరె అంటే కప్పడం. దాని ముందు ‘డి’ చేర్చితే కప్పింది తీసేయడం. ఇంటి మీద కప్పే పెంకును వాళ్లు టెగులా అనేవారు, ఇంగ్లీషు వాళ్ల టైలు దాన్నుంచి వచ్చిందే. కాబట్టి డిటెక్ట్ అంటే అసలు అర్థంలో ఒక ఇంటి కప్పు ఊడదీసి లోపలికి చూడటం. ఎదుట అడ్డంగా కప్పి కాపాడితే ప్రొటెక్ట్, కప్పు ఎత్తేస్తే డిటెక్ట్, రెండూ అక్కాచెల్లెళ్లు. “మనమూ అంతే గదా,” అంది. “కప్పు అంటే ఇంటి కప్పే, కప్పిపుచ్చుడంటే దాచుడు. లాటిన్ వాళ్లకూ మనకూ ఒక్కటే ఆలోచన.”

నానమ్మ కొంగు నడుముకు చుట్టి, నెత్తిన దుమ్ము పడకుండా తువ్వాలు కట్టుకుని అటుగా వచ్చింది. “పెంకులు దించెటందుకు గూడ ఇంగిలీషు గావాల్నా?” అని మమ్మల్ని పనిలో పెట్టింది.

ఆ రోజు కప్పు కింద దొరికినవి చూసి మేం నవ్వీ నవ్వీ అలిసిపోయాం. ఉడుత గూట్లో నా చిన్నప్పటి రిబ్బను, వాసాల సందులో మా నాన్న పోగొట్టుకున్న రబ్బరు బంతి, పొడుగాటి పాము కుబుసం. అన్నిటికన్నా పెద్ద దొరుకుడు నానమ్మ ఇత్తడి గరిటె. అది పోయి చాలా ఏళ్లయింది. పక్కింటి పెద్దమ్మ పెళ్లి వంటకు తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదని నానమ్మ నమ్మకం. పైకి ఎన్నడూ అనలేదు గానీ, ఆమెకు గిన్నె ఇచ్చినప్పుడల్లా “జర గుర్తుంచుకో వదినా” అనేది. ఏ కోతో ఎత్తుకుపోయి పెంకుల సందులో జారవిడిచి ఉంటుంది. నానమ్మ ఆ గరిటెను చింతపండుతో తోమి, అదే సాయంత్రం దానితోనే సేమ్యా పాయసం కలిపి పెద్దమ్మకు నా చేత పంపింది. ఎందుకో చెప్పొద్దంది. పెద్దమ్మ పాయసం తాగి, “ఇయ్యాల ఏం పండగ?” అని నన్ను చాలాసేపు అడిగింది.

పెంకులు దింపడం అయిన మర్నాడు మేస్త్రీ వచ్చి తాత ముందు నిలబడి తల గోక్కున్నాడు. “తాతా, తునికాకు కల్లం తెరిచిన్రు. ఊరూరంత ఆకు తెంపబోతున్నది. మేంగూడ పోయొస్తం.”

“మరి నా ఇల్లు?”

“ఇల్లు యాడికి పోతది తాతా? ఈడనే ఉంటది.”

నిజమే, బీడీలు చుట్టే ఆ ఆకు కోత ఉన్నప్పుడు ఆ పక్క ఊళ్లలో ఏ పనికీ మనిషి దొరకడు. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే కాలం అదే. తాత ఆకాశం వైపు చూశాడు. మబ్బు లేదు. సరే పోయి రండి అన్నాడు. అలా మేం కప్పు లేని ఇంట్లో కాపురం పెట్టాం. వంటింటి మీద మాత్రం ఒక టార్పాలిన్ లాగి కట్టారు. పొద్దున్నే పిట్టలు నేరుగా ఇంట్లోకి దిగి చాపల మీద నడిచేవి. ఎండ ఏ గదిలో ఉంటే ఆ గది వదిలి నీడ ఉన్న గదిలోకి మారేవాళ్లం, గోడ నీడ జరిగినకొద్దీ మేమూ జరిగేవాళ్లం. ఇంట్లో ఏం మాట్లాడినా వీధికి వినిపించేది. ఎవరైనా మూలన గుసగుసలాడితే అవతలి ఇంట్లోంచి, “జర గట్టిగ మాట్లాడుండ్రి, సగమే ఇనవడ్తున్నది” అని పెద్దమ్మ అరిచేది.

ఆ మధ్యే చర్చికి కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, ఉత్సాహం ఎక్కువ. ఎప్పుడూ ఒకరే చదవడం, మిగతావాళ్లు వినడం ఆయనకు నచ్చలేదు. వచ్చే నెల స్త్రీల కూడికలో చీటీలు వేస్తామని, ఎవరికి ఏ భాగం వస్తే వాళ్లు లేచి అది చదవాలని, మొదట అమ్మగారే మొదలుపెట్టాలని నానమ్మ వైపు చూసి నవ్వుతూ ప్రకటించాడు. నానమ్మ తల ఊపింది. ఇంటికి వచ్చేటప్పటికి ఆమెకు మోకాలి నొప్పి మొదలైంది. కాంపౌండరు భార్య కాబట్టి ఇంట్లో తైలాలకు లోటు లేదు. తాత ఏ తైలం రాసినా నొప్పి తగ్గలేదు. “కూడికకు పోయేటట్టు లేను,” అని మాటిమాటికీ అనేది. అదే మనిషి పొద్దున్నే ఆ మోకాలితోనే మామిడి చెట్టు కింద కాయలేరడం నేను చూశాను గానీ, నొప్పులకు వేళలుంటాయేమో అనుకున్నాను.

ఒక సాయంత్రం వాక్యం వేళకు ఇంకా బోలెడు వెలుతురు ఉంది. కప్పు లేదు కాబట్టి లాంతరు అవసరం లేకపోయింది. నానమ్మ ఎప్పటిలాగే గోడ గూట్లోంచి పుస్తకం తీసి, ఒక చోట తెరిచి, మొదలుపెట్టింది. అత్తమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. కొద్దిసేపటికి విసనకర్ర ఆగిపోయింది. నేను అత్తమ్మ ముఖం చూసి, ఆమె చూపు ఎక్కడుందో అక్కడికి చూశాను. పుస్తకానికి చెదలు పట్టింది. తెరిచిన పేజీ నడుమ అరచేయంత కంత. ఆ కంతలోంచి నానమ్మ ఆకుపచ్చ చీర కనిపిస్తోంది. నానమ్మ కళ్లు వరుస వెంట కదులుతున్నాయి, గొంతు గంభీరంగా సాగుతోంది, ఒక్క మాట పోవడం లేదు. మధ్యలో ఒకచోట ఆగి, చిన్నగా దగ్గి, మళ్లీ అందుకుంది. పేజీ తిప్పింది. అవతలి పేజీలోనూ అదే కంత.

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర అత్తమ్మ బట్టలు పిండుతోంది. నా వైపు చూడకుండానే అంది, “ఆ డిటెక్ట్ మాటకు పాత అర్థం ఇంకోటి ఉంది. ఒక మనిషి దాచుకున్నదాన్ని నలుగురిలో బయటపెట్టుడు. అది నాకెప్పుడూ మంచిగ అనిపియ్యలే.” చేతిలో చీర పిండడం అయిపోయినా ఇంకా పిండుతూనే ఉంది. “చూడకపోతే బాగుండేది గదనే. కానీ చూసినం. ఇప్పుడు ఏం తెల్వనట్టు ఉంటే, కూడిక నాడు అమ్మ ఒక్కతే నిలబడాలె.”

ఆ మధ్యాహ్నం నానమ్మ నడిమి గదిలో గోడ నీడన ఒరుగుల కోసం మామిడికాయలు కోస్తుంటే అత్తమ్మ ఎదురుగా కూర్చుని తనూ కత్తి అందుకుంది. నేను ఉప్పు కలుపుతున్నాను. తాత ఊళ్లోకి వెళ్లాడు, పక్కింట్లో కూడా ఎవరూ లేరు.

“అమ్మా, పుస్తకానికి చెదలు పట్టింది. కొత్తది తెస్త.”

“వద్దు. నాకు గదే అలవాటు.”

“అక్షరాలు లేవు గదమ్మా అండ్ల.”

నానమ్మ కత్తి ఆగింది. తల ఎత్తి పైకి చూసింది, పెంకులు ఉండాల్సిన చోట తెల్లటి ఆకాశం వైపు. “నెత్తిన కప్పు ఉన్నన్ని దినాలు మంచిగనే ఉంటి,” అంది. తర్వాత ఇక దాచలేదు. పెళ్లిచూపులప్పుడు తాత వాళ్లు చదువుకున్న పిల్ల కావాలన్నారట. ఆమె తండ్రి పిల్ల ఐదో తరగతి చదివిందని చెప్పేశాడట. ఆమె బడి గుమ్మం తొక్కింది లేదు. “పెండ్లైనంక నేనే చెప్పేస్త అనుకున్న. ఇయ్యాల కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంట ఉంటే మీ అన్న పుట్టిండు, నువ్వు పుట్టినవ్. ఇగ చెప్పే మొకం యాడిది? చెవులు మంచిగ పనిచేస్తయ్ నాకు. ఒక్కసారి ఇంటే వదలదు. పుస్తకంల నూనె మరకలు, మడతలు చూసి యాడ తెరవాల్నో గుర్తు పెట్టుకుంటి.” కోసిన ముక్కలన్నీ ఒకవైపుకు జరిపింది. “మోకాలుకు ఏం రోగం లేదు బిడ్డా. మీ నాయనకు మాత్రం చెప్పకు. ఈ వయసుల ఆయన ముందల చిన్నబోలేను.”

అత్తమ్మ చెప్పనని మాటిచ్చింది. బదులుగా ఒక మాట తీసుకుంది. కూడికకు ఇంకా టైముంది, ఆలోపు చదవడం నేర్చుకోవాలి. “ఈ వయసులనా!” అని నానమ్మ కొట్టిపారేసింది. కాసేపయ్యాక, మామిడి ముక్కలు ఎండలో పరుస్తూ, “పలక కొంటె ఊళ్లందరు అడుగుతరు గద,” అంది. ఆ మాటతో అత్తమ్మ లేచి వాకిట్లోకి పోయి, వరుసలో పైనున్న ఒక పెంకు తెచ్చి, బొగ్గు ముక్కతో దాని అడుగు వైపున అ అని రాసింది.

నేను ఇంగ్లీష్ నేర్చుకోవడానికి వచ్చిన ఇంట్లో ఆ రోజు నుంచి తెలుగు బడి నడిచింది. తాత బయటికి పోగానే పెంకులు లోపలికి వచ్చేవి. నానమ్మ తోటకూర ఏరినంత శ్రద్ధగా అక్షరాలు రాసేది. తప్పు రాస్తే పెంకు మీద కోపగించుకునేది. ఒత్తులన్నా, గుణింతాలన్నా భయపడలేదు గానీ, ‘ఖ’ చూసి మాత్రం, “ఇది లేకుంటే నడవదా?” అని బేరమాడింది. ఖమ్మం రాయలేవు నానమ్మా అన్నాను. “నేను ఖమ్మం పోనే పోను,” అంది. నిండిన పెంకులు తీసుకెళ్లి మళ్లీ వరుసలో పేర్చడం, కొత్తవి తేవడం నా పని. వాక్యమంతా నోటికి వచ్చు కాబట్టి అక్షరాలు వచ్చాక ఆమె వేగం చూసి అత్తమ్మే విస్తుపోయింది. కొత్త పుస్తకం రహస్యంగా తెచ్చి ముందు పెడితే, వేలు పెట్టి, నోట్లో ఉన్న మాటనూ పేజీలో ఉన్న మాటనూ ఒక్కొక్కటిగా జత చేసుకుంటూ పోయేది. అలా పోతూ పోతూ ఒక చోట ఆగి, ముందుకీ వెనక్కీ వెతికింది.

“ఇగో, ఈడ దగ్గు లేదేందే?”

“ఏం దగ్గు?”

“ఈడ జర ఆగి దగ్గాలె గద. నేను ఎప్పుడు చదివినా దగ్గుత.”

అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆపేసింది. ఆ దగ్గు మా అందరికీ తెలుసు. తెల్లారగట్ల అరుగు మీద వినిపించే దగ్గు. పొద్దున తాత ఏ భాగం చదివితే సాయంత్రం నానమ్మ అదే భాగం చదువుతుందని మాకెవరికీ అప్పటిదాకా తట్టలేదు.

తాత వాకిట్లో పెంకుల వరుసల దగ్గర కూర్చుని పగిలినవి వేరు చేస్తుంటే అత్తమ్మ వెళ్లింది. నేనూ వెళ్లి మంచి పెంకులు అందుకునే నెపంతో నిలబడ్డాను. అత్తమ్మ ఏం అడగాలో తేల్చుకునేలోపే తాత ఒక పెంకు తిప్పి, బొగ్గు రాతను వెలుతురుకు పట్టి చూశాడు. “క మంచిగ రాసింది. తలకట్టే జర వంకర పోయింది,” అన్నాడు.

“నాయినా, నీకు తెలుసా?”

“పెండ్లైన వారానికే తెలిసె. దవాఖానా నుంచి సీసా తెచ్చి, మందు ఎట్ల తాగాల్నో చదువుమంటే, చీటి తలకిందుల పట్టుకుని, అక్షరాలు మంచిగున్నయ్ అన్నది.” ఆయన నవ్వాడు. “అప్పటిసంది సీసాలకు రంగు దారాలు కట్టుడు మొదలుపెట్టిన. దగ్గుకు ఎర్రది, కడుపునొప్పికి పచ్చది. చర్చిల ఆమెను చదవమన్ననాడు భయమైంది. ముందురోజు ఆమె పొయ్యి కాడ ఉన్నప్పుడు గట్టిగ చదివిన. మర్నాడు పొల్లు పోకుండ అప్పజెప్పింది. ఇగ అప్పటిసంది అదే అలవాటు.”

అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ వెంటనే కోపం కూడా వచ్చింది. “మరి నేర్పొద్దా నాయినా? ఎదుట నిలబడి కప్పినవ్, మంచిగనే ఉంది. కానీ ఇన్నేండ్లు అమ్మను చీకట్లనే కూసోబెట్టినవ్ గద!”

తాత ఇంకో పెంకు తీసి దుమ్ము దులిపాడు. “నేర్పుత అంటే నాకు తెలుసని తెలిసిపోతది. తల ఎత్తుకుని తిరిగే మనిషి. తనంతట తనే చెప్తదేమో అని ఆగిన. ఆగంగ ఆగంగ ముసలోళ్లమైనం.” పెంకును వరుసలో పెట్టి, “నువ్వన్నది నిజమే బిడ్డా,” అన్నాడు. ఆయన నోటి వెంట అంత తొందరగా ఒప్పుకోలు రావడం అత్తమ్మ కూడా ఊహించలేదు. ఆమె కోపం దిక్కుతోచక, పెంకులు ఏరడానికి కూర్చుంది.

మర్నాడు తెల్లారింది. తాత అరుగు మీద కూర్చున్నాడు గానీ గొంతు ఎత్తలేదు. పొయ్యి దగ్గర నానమ్మ చెవులు అటే ఉన్నాయి. చివరికి టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లింది. కప్పు లేని ఇంట్లో ఎక్కడ కూర్చున్నా వినబడుతుంది కాబట్టి అత్తమ్మా నేనూ కదలకుండా విన్నాం.

“ఏమయ్యా, గొంతు బాగలేదా?”

“బాగనే ఉంది.”

“మరి చదవవేంది?”

“ఇన్నేండ్లు నేను చదివిన, నువ్విన్నవ్. ఇయ్యాల నాకు ఇనబుద్ధయితున్నది.”

టీ గ్లాసు అరుగు మీద పెట్టిన చప్పుడు అయింది. అప్పుడు నానమ్మ గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా. “తెలుసా నీకు?”

“అవ్.”

“ఎప్పటిసంది?”

“మొదటిసంది.”

ఏడుస్తుందేమోనని అత్తమ్మ లేచింది. నానమ్మ ఏడవలేదు. “మరి చెప్పొద్దా!” అని ఒక్క అరుపు అరిచింది. “చెప్తె అప్పుడే నేర్చుకుందును గద! నువ్వడుగుతవేమో అని నేను చూడవడ్తి, నేను చెప్తనేమో అని నువ్వు చూడవడ్తివి! ఇద్దరికి ఇద్దరం తెలివిగల్లోళ్లమే!” అలా మొదలుపెట్టి, టీ చల్లారేదాకా, ఎండ అరుగు మీదికి వచ్చేదాకా తిట్టింది. వీధి వీధంతా విన్నది. ఏ విషయమో తెలియక, తాత ఎక్కడో రహస్యంగా భూమి అమ్మేశాడని ఊళ్లో ఒక మాట పుట్టింది. తాత మాత్రం తలవంచుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ తిట్లన్నీ తిన్నాడు. తిట్టడం అయ్యాక ఆమె ఆయన పక్కనే కూర్చుని, పుస్తకం ఒళ్లోకి లాక్కుని, వేలు పెట్టి ఒక వరుస చదివింది. దగ్గు లేకుండా. ఆ రోజు పొద్దుటి పొయ్యి అత్తమ్మ చూసుకుంది.

ఆకు కోత అయిపోయి మేస్త్రీ వాళ్లు తిరిగి వచ్చారు. నైరుతి దిక్కున మొదటి మబ్బు కనిపించేసరికి ఇల్లు నేయడం అయిపోయింది. బొగ్గు రాతల పెంకులు కలిసిపోయి ఎక్కడివక్కడ ఎక్కాయి. మంచం మీద పడుకుని పైకి చూస్తే వాసాల సందుల్లో ఒకచోట ఇ, ఇంకోచోట మ, దూరంగా ఒక తలకట్టు. నానమ్మ పడుకుని వాటిని కలిపి మాటలు చేయడానికి చూసేది. ఏ మాటా కుదరక, మేస్త్రీకి అక్షరాలు పేర్చడం రాదని తేల్చింది.

కూడిక రోజు వాన పడుతోంది. పాస్టరు స్టీలు డబ్బాలో చీటీలు వేసి ఊపాడు. మొదట నానమ్మ తీసింది, తర్వాత తలా ఒకటి తీసుకున్నారు. నానమ్మకు తాత ఎన్నడూ తెల్లారగట్ల చదవని భాగం వచ్చింది. అత్తమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆడవాళ్ల కూడికే అయినా తాత కూడా ఆ రోజు ఏదో పని ఉన్నట్టు వచ్చి ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. నానమ్మ లేచి నిలబడి, కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తు దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, ముందుకు పోతూ. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఏటి నీళ్లలా సాగిన గొంతు ఇలా రాళ్ల మీద నడుస్తుందేమిటా అని. పక్కింటి పెద్దమ్మ ఉండబట్టలేక, “వదినా, కండ్లు మసకలొచ్చినయా? నా అద్దాలు ఇయ్యనా?” అంది.

నానమ్మ వేలు తీయకుండానే తల ఎత్తింది. “కండ్లు మంచిగనే ఉన్నయ్ వదినా. ఇన్నేండ్లు ఇని చెప్పిన. ఇయ్యాల్నే చదువుతున్న.”

నానమ్మ మిగిలిన భాగమంతా పూర్తి చేసింది, తొందరపడలేదు, ఒక్క మాట వదల్లేదు. ఆమె కూర్చున్నాక తర్వాత చీటీ పెద్దమ్మది. పెద్దమ్మ కదల్లేదు. చీటీ ఏదంటే చాలాసేపటికి తొడ కింద నుంచి తీసి, నలిగిన ఆ కాగితాన్ని నానమ్మ చేతిలో పెట్టింది. “నాకు గూడ నేర్పు వదినా,” అంది. ఒకరు నవ్వారు, ఇంకొకరు, తర్వాత అందరూ. ఆ నవ్వులో వెనక చాపల నుంచి మరికొన్ని చీటీలు ముందుకు వచ్చాయి. ద్వారం దగ్గర నుంచి ఎందుకో పెద్దగా దగ్గు వినిపించింది.

వానాకాలమంతా నానమ్మ నడిమి గదిలో సాయంత్రాలు వాక్యం అయ్యాక బడి నడిచిందని అత్తమ్మ ఉత్తరాలు రాసేది. నేను ఇంగ్లీష్ గట్టెక్కాను. ఎలాగో ఇప్పటికీ తెలియదు. చివరికి తెలుగు చెప్పుకుని బతుకుతున్నాను. నానమ్మకు చదువు వచ్చాక ఆమెతో బస్సెక్కడం కష్టమైపోయింది. బోర్డులు, గోడ మీద ప్రకటనలు, ముందు సీటు వెనక ఎవరో గీకిన ప్రేమికుల పేర్లు, అన్నీ పైకి చదివేది. ఇంట్లో మందు చీటీలు చదివి, గడువు దాటిన మాత్రలు దాచుకున్నందుకు కాంపౌండరునే నిలదీసేది. ఖమ్మం పోనే పోనన్న మనిషి, నా పెళ్లికి వచ్చినప్పుడు బస్టాండులో దిగి, బోర్డు వైపు వేలు చూపి, ఆ ‘ఖ’ను కావాలని గట్టిగా పలికింది.

ఇప్పుడు తాత లేడు, నానమ్మా లేదు. చదువు వచ్చాక ఆమె బతికిన ఏళ్లు, రాకముందు బతికిన ఏళ్ల పక్కన పెడితే చాలా కొద్ది. కానీ ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేవి ఆ కొద్ది ఏళ్లే. ఆలస్యంగా వచ్చిన కాలం కూడా, వచ్చాక, నిండుగానే గడిచిపోతుందని ఆమెను చూశాకే నాకు తెలిసింది.